పోయిన పదకొండు లైన్లు

పోయినవారం ఎల్లేశాన్ని మనం ఏడో అంతస్తులో, చిన్న అద్దాల గది తలుపు దగ్గర నిలబెట్టి వచ్చాం. లోపల ముగ్గురు కూర్చుని ఉన్నారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి అతని కాంట్రాక్టును ఇంకో ఏడాది పొడిగించే కాగితం, సంతకం చోటు ఖాళీ. రెండోది ఆరో అధ్యాయం అచ్చుప్రతి. అందులో పదకొండు లైన్లు లేవు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఎల్లేశానికి యాభై నిండాయి. ఏడో తరగతిలో బడి మానేసి చిక్కడపల్లి ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చడం నేర్చుకున్నాడు. సీసం పోయి కంప్యూటర్లొస్తే డీటీపీ నేర్చుకున్నాడు. ప్రెస్సే మూతపడ్డాక ఒక ఏజెన్సీవాళ్లు తెచ్చి ఈ గచ్చిబౌలి కంపెనీలో పడేశారు. ఆ కంపెనీ ‘గీటు’ అని, కంప్యూటర్లో తెలుగు రాసి దిద్దుకునే ఒక ఎడిటర్ తయారుచేస్తుంది. తయారుచేసే పిల్లలకు తెలుగు రాదనడం అన్యాయం. వస్తుంది, ఇంట్లో అన్నం పెట్టమని అడిగేంత. అందుకే ఎల్లేశం లాంటివాళ్లు నలుగురు కావలసి వచ్చారు.

ఇప్పుడు నడుస్తున్న పని ఒక ట్రస్టువాళ్లది. ఊళ్లలో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు పంచే పుస్తకం, రెండు సంపుటాలు. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి ‘గీటు’లోకి ఎక్కించారు. స్కాన్ చేసే యంత్రానికి ఒక రోగం ఉంది. పేజీ చివరి లైనును తర్వాతి పేజీ మొదట్లో మళ్లీ చదివేస్తుంది. అలా రెండుసార్లు పడ్డ లైన్లను ఏరి తీసెయ్యడం ఎల్లేశం పని. ‘గీటు’లో లైనును అక్కడికక్కడ తుడిచేయనివ్వరు. ఎడమ అంచున, ఆ లైను పక్కన, మౌసుతో ఒక టిక్కు పెట్టాలి. అధ్యాయం ముగించి పంపే మీట నొక్కినప్పుడు టిక్కు పడ్డ లైన్లన్నీ ఒక్కసారే మాయమవుతాయి. ఎవరు ఏది తీశారో లెక్క ఉండాలని మేనేజరు నరేందర్ పెట్టించిన పద్ధతి అది.

ఇంకొక్క సంగతి. ఇది మనకూ ఎల్లేశానికీ తప్ప ఆ మేడలో ఎవరికీ తెలియదు. అతనికి దగ్గరి అక్షరాలు కనిపించవు. చేరిన నెలలో ఆఫీసులో కంటి పరీక్ష పెట్టారు. వరసలో ఎల్లేశం ఏడోవాడు. ముందున్న ఆరుగురు చదువుతుంటే, చేత్తో పట్టుకుని చదివే ఆ అట్ట మీది అడుగు లైను నోటికి వచ్చేసింది. తన వంతు రాగానే గడగడా అప్పజెప్పాడు. ‘అద్దాలు అవసరం లేదు’ అన్న ఫారం మీద సంతకం పెట్టాడు. నలభై అయిదు దాటినవాళ్లను కళ్ల దగ్గరే ఏరేస్తారని ఏజెన్సీ మనిషి ముందే చెవిన వేశాడు మరి. అప్పటి నుంచి పక్కన ఎవరూ లేనప్పుడు కంట్రోల్ నొక్కి, ప్లస్ మీట కొట్టి అక్షరాలు పెద్దవి చేసుకుంటాడు. ఎవరైనా వస్తున్న చప్పుడైతే కంట్రోల్, సున్నా. అక్షరాలు ఎప్పటిలాగే చిన్నవైపోతాయి. ఎనిమిది నెలలుగా ఇదే కాపురం.

“రా అన్నా, కూర్సో,” అన్నాడు నరేందర్.

నరేందర్‌ది నల్లగొండ పక్క. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. మీటింగుల్లో ఇంగ్లీషు మాట్లాడతాడు, విసుగొస్తే ఊరి మాటలోకి దిగుతాడు. ఇవాళ మొదటి నుంచే దిగి ఉన్నాడు. అతని పక్కన లాప్‌టాప్ ముందు జ్యోత్స్న. ‘గీటు’ ప్రోగ్రాం రాసే అయిదుగురిలో అందరికంటే చిన్నది, నిజాంపేట హాస్టల్ నుంచి రోజూ కంపెనీ బస్సులో వస్తుంది. ఎదురుగా ట్రస్టు తరఫు సంపాదకుడు పట్టాభిరామయ్య. తెనాలి మనిషి, అరవై ఎనిమిదేళ్లు. గుడ్డసంచీలోంచి పాత పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు.

“ఎల్లేశం గారూ, నేను మిమ్మల్ని అనడానికి రాలేదండి,” అన్నాడాయన. అనడానికి వచ్చినవాళ్లందరూ అలాగే మొదలుపెడతారు. “ఈ లైను వినండి. ‘కాటు పడిన చోటికి పైన తాడుతో గాని గుడ్డతో గాని బిగించి కట్టరాదు.’ పాత పుస్తకంలో ఉందండి. మీరు దిద్ది పంపినదాంట్లో లేదు. దాని పై లైను మాత్రం రెండుసార్లుంది. తియ్యాల్సింది ఉంచారు, ఉంచాల్సింది తీసేశారు. ఊళ్లో ఆ పిల్ల ఈ పుస్తకం చూసుకునే కదండీ పాముకాటుకు చెయ్యాల్సింది చేసేది?”

“గిట్లాంటివి పదకొండు ఉన్నయా సార్?” అన్నాడు ఎల్లేశం.

“పదకొండు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే వేళ్లు చాల్లేదు. మొదటి సంపుటం అయిదు అధ్యాయాలూ నా చేత్తో దిద్ది పంపానండి, ఎక్కడా ఇలాంటిది రానివ్వలేదు. రెండో సంపుటం మొదలెట్టగానే ఇదీ వరస.”

నరేందర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “లాగ్, గా టిక్కుల లెక్క, తీసి చూసినం అన్నా. ఆ టిక్కులన్నీ నీ ఐడీ మీదనే ఉన్నయి. సిస్టమ్ తప్పు అంటవేమో అని నిన్న జ్యోత్స్నతోటి టెస్టు గూడ చేయించిన.”

“ఇదే ఫైలు మీద చేశాను అంకుల్,” అంది జ్యోత్స్న, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. “టిక్కు పెట్టిన లైనే పోతోంది.”

ఈ గదిలో తను మాట్లాడే వంతు ఎప్పుడొస్తుందో ఎల్లేశానికి తెలుసు. అడిగినప్పుడు.

“ఇగో, నేనే ఒక మెయిల్ రాసిపెట్టిన,” అన్నాడు నరేందర్, ఫోను తిప్పి చూపిస్తూ. “పని ఎక్కువై పొరపాటు జరిగింది, మల్ల జరగనియ్య. గంతే. నువ్వు ఊ అంటే నీ పేరు మీద సార్‌కు పోతది. నేను ఈ కాగితం మీద సంతకం పెడత. కథ ఖతం. ఏడాది దాకా నీకు ఫికర్ లేదు.”

“ఊ అనకపోతే?”

“అనకపోతే ఏముంది, ఏజెన్సీకి నేనేదో ఒకటి చెప్పాలె గదా. జర ఆలోచించు.”

ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ మెయిలుకు ఊ అంటే ఉద్యోగం ఉంటుంది. ఈ వయసులో ఈ రోడ్డు మీద ఇంకో అద్దాల మేడ అతన్ని లోపలికి రానివ్వదు, గేటు దగ్గర కాపలాకైతే రానిస్తుంది. హఫీజ్‌పేట్‌లో రెండు గదుల ఇంట్లో సత్తెమ్మ, “ఇయ్యాల సంతకం పెడ్తరంట గదా” అని పొద్దున్నే అడిగి పంపింది. ఇటువైపు ఇంత ఉంది. అటువైపు ఉన్నది ఒకటే. ముప్పై ఏడేళ్లుగా ఎల్లేశం చేతి కింద ఒక్క లైను పడిపోలేదు. సీసం రోజుల్లో కుప్పకూలిన పేజీని కూడా ఆఖరి చుక్క దాకా మళ్లీ పేర్చి ఇచ్చినవాడు. ఆ మాట ఎక్కడా రాసి లేదు, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. పడిపోయిందని మాత్రం ఇప్పుడు రాసి పెట్టమంటున్నారు.

“ఒక పెన్సిల్ ఇయ్యుండ్రి,” అన్నాడు.

పట్టాభిరామయ్య జేబులోంచి తీసి ఇచ్చాడు. ఎల్లేశం అచ్చుప్రతిని చేతికందినంత దూరం పెట్టి పట్టుకున్నాడు. పాత పుస్తకాన్ని జ్యోత్స్న చేతికిచ్చాడు. “మేడం, రెండుసార్లు పడ్డ లైను ఏడున్నదో నేను చెప్త. దాని కింద ఎన్నో లైను పోయిందో మీరు చూసి చెప్పుండ్రి.”

“అన్నా, పన్నెండింటికి నాకు ఇంకో కాల్ ఉంది,” అన్నాడు నరేందర్.

“పది నిమిషాలు సార్.”

ఆ అధ్యాయం రెండు వందల నలభై లైన్లు. రెండుసార్లు పడ్డవి పదమూడు. మొదటి రెండింటికీ, అధ్యాయం మొదట్లో ఉన్నవాటికి, టిక్కు సరిగ్గానే పడింది, సరైన లైనే పోయింది. తర్వాతి మూడింటికీ కిందున్న లైను పోయింది. ఆ తర్వాతి మూడింటికీ రెండు లైన్ల కింద. ఇంకో మూడింటికి మూడు. చివరి రెండింటికీ నాలుగు. ఎల్లేశం ఒక్కో అంకె అంచున రాసుకుంటూ పోయాడు. రాసినవి కూడా అతనికి సరిగా కనిపించలేదు గానీ చెయ్యి రాసింది కాబట్టి గుర్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

అప్పుడతనికి చిక్కడపల్లి ప్రెస్సు గుర్తొచ్చింది. రెండు కాలాల పేజీ, అంటే పక్కపక్కన రెండు నిలువు వరసలు. లైనుకూ లైనుకూ మధ్య సీసపు పట్టీ పెట్టాలి. ఒక కాలానికి ఒక మందం పట్టీలు, పక్క కాలానికి వెంట్రుకవాసి సన్నవి పెట్టేశాడొక కొత్తవాడు. పైన చూస్తే రెండు కాలాలూ సమానం. పది లైన్ల దాకా తేడా తెలియదు. అడుగుకొచ్చేసరికి ఒకటి ఇక్కడుంటే ఇంకోటి అక్కడ. ఆ రోజు యజమాని వెంకటనారాయణ ఆ కొత్తవాణ్ని కొట్టలేదు. పేజీ అడుగున వేలు పెట్టి చూపించి, పైకి లెక్కపెట్టమన్నాడు. ఆ కొత్తవాడు ఎల్లేశమే.

“సార్, జర ఇటు సూడుండ్రి,” అన్నాడు నరేందర్‌తో. “పరాకుగ పెట్టినోని తప్పులు అడ్డదిడ్డం పడ్తయి. ఒకటి పైన పడ్తది, ఒకటి కింద పడ్తది. గివి సూడుండ్రి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పైకి ఒక్కటి పోలే. లైను లైనుకు ఇంత ఇంత జరుక్కుంట వచ్చింది. గిది మనిషి చేసిన తప్పు గాదు. లైన్ల నడుమ జాగల తేడా ఉన్నది.”

నరేందర్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. “అన్నా, గిది సీసం గాదే. సాఫ్ట్‌వేర్.”

జ్యోత్స్న నవ్వలేదు. ఆమె ఆ అంకెలనే చూస్తోంది. “కానీ అంకుల్, నేను చేసినప్పుడు ఒక్కటి కూడా జరగలేదు కదా.”

“మీరు అక్షరాలు ఎంత సైజు పెట్టి చేసిన్రు మేడం?”

“పద్నాలుగు. అందరికీ అదే ఉంటుంది.”

ఇక్కడికి వచ్చి ఎల్లేశం ఆగాడు. ఇక్కడే ఆగిపోతే మెయిలుకు ఊ అనే దారి ఇంకా ఉంది. నరేందర్ వేలు ఫోను మీద తయారుగానే ఉంది. అద్దం అవతల కింద రోడ్డు మీద కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి.

“నాది పద్నాలుగు గాదు,” అన్నాడు.

“మరెంత?” అన్నాడు నరేందర్.

“పెద్దగ పెట్టుకుంట. నాకు చిన్నక్షరం అవుపడది.”

“అవుపడకపోవుడేంది? కంటి ఫారంల అద్దాలు అవసరం లేదని ఉన్నది గదా?”

“ఉన్నది.”

“మరి?”

“అబద్ధం రాసిన.”

పట్టాభిరామయ్య జ్యోత్స్న ముందున్న పుస్తకం తీసుకుని, మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. నరేందర్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. తర్వాత జ్యోత్స్నే లేచింది. “అంకుల్ సిస్టమ్ మీద చూద్దాం సార్. రెండు నిమిషాలు.”

నలుగురూ ఎల్లేశం సీటు దగ్గరికి నడిచారు. చుట్టుపక్కల పిల్లలు చెవుల్లో పెట్టుకున్నవి తీసి మెడల మీద వేసుకున్నారు. జ్యోత్స్న అతని కుర్చీలో కూర్చుని ఆరో అధ్యాయం, లైన్లు తీయకముందు ప్రతి, తెరిచింది. తెర పక్కన ఇంకో చిన్న పట్టీ తెరిచింది. ఏ లైను మీద టిక్కు పడిందో ‘గీటు’ లోపల ఏమని రాసుకుంటుందో అందులో కనిపిస్తుంది.

“సైజెంత పెట్టమంటారు అంకుల్?”

“ఇరవై ఉంటదేమో.”

ఆమె పైనున్న గడిలో ఇరవై అని కొట్టింది. అక్షరాలు ఉబ్బాయి. ఇరవయ్యో లైను పక్కన టిక్కు పెట్టింది. పట్టీలో ఇరవై అని పడింది. వందో లైనుకు దిగి పెట్టింది. వంద. రెండు వందల ముప్పయ్యో లైను. రెండు వందల ముప్పై.

“సరిగ్గానే ఉందండీ,” అన్నాడు పట్టాభిరామయ్య.

ఆమె ఇరవై రెండు పెట్టి చూసింది. అదీ సరిగ్గానే ఉంది. పద్దెనిమిది పెట్టింది. సరిగ్గానే ఉంది. ఎల్లేశం ఉన్న ఒక్క గుట్టూ బయట పెట్టేశాడు, దానికి బదులుగా చేతికి ఏమీ రాలేదు.

“అన్నా,” అన్నాడు నరేందర్ మెల్లగా. “పొద్దుగాల ఒక్కటే ఉండె. లైన్లు పోగొట్టుడు. ఇప్పుడు రెండైనయి. ఫారం ఒకటి తోడైంది. నేనేం జెయ్యాలె చెప్పు?”

“ఆ టిక్కు సార్…” అన్నాడు ఎల్లేశం. “నేను పెట్టినప్పుడు ఒక్కోసారి లైనుకు సగం కిందికి, ఒక్కోసారి సగం పైకి అవుపడేది. నా కండ్లదే దోషం అనుకున్న. ఎవలకన్న చెప్తే కండ్ల ముచ్చట బయటపడ్తదని చెప్పలే. ఇప్పుడు మేడం పెడ్తే గట్ల జరుగుతలేదు. సక్కగ నడిమిట్లనే ఉన్నది.”

జ్యోత్స్న కుర్చీ తిప్పింది. “సగం జరిగేదా? ఎప్పుడూనా?”

“కిందికి పోయినప్పుడు. పైన మంచిగనే ఉండేది.”

“అంకుల్, మీరు సైజు ఈ గడిలో అంకె కొట్టి పెడతారా?”

“గా గడి దిక్కు నేనెన్నడు చూడలే బిడ్డా. కంట్రోల్ వట్టుకొని ప్లస్ కొడత. అవుపడేదాక.”

“ఎన్నిసార్లు?”

ఎల్లేశం కుడిచెయ్యి గాలిలోనే కదిలింది, మీట కొడుతున్నట్టు. అతను లెక్కపెట్టి కొట్టేవాడు కాదు, చేతికి అలవాటైపోయిన పని అది. పెదవులు కదిలిస్తూ చేతినే లెక్కపెట్టాడు.

“ఏడు.”

జ్యోత్స్న కంట్రోల్ సున్నా కొట్టి పద్నాలుగుకు తెచ్చింది. ప్లస్ ఏడుసార్లు కొట్టింది. గడిలో ఇరవై ఒకటి అని పడింది. ఇరవయ్యో లైను పక్కన టిక్కు పెట్టింది. పట్టీలో ఇరవై. అరవై రెండో లైనుకు దిగి పెట్టింది. టిక్కు ఆ లైను పక్కనే, చక్కగా, గీత గీసినట్టు నిలబడింది.

పట్టీలో అరవై మూడు అని ఉంది.

ఎవరూ ఏమీ అనకముందే ఆమె నూటపాతికో లైను మీద పెట్టింది. పట్టీలో నూటఇరవై ఏడు. రెండు వందల ముప్పై మీద పెట్టింది. రెండు వందల ముప్పై నాలుగు.

“అయ్యో,” అంది జ్యోత్స్న.

తర్వాత ఆమె కాగితం మీద రాసి చూపించింది. ఎల్లేశానికి అర్థం కావాలని తెలుగులోనే చెప్పింది, మధ్యమధ్య మాటలు వెతుక్కుంటూ. ‘గీటు’లో లైను ఎత్తు అంటే అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు. పద్నాలుగుకు ఇరవై ఒకటి, ఇరవైకి ముప్పై. ఇరవై ఒకటికి మాత్రం ముప్పై ఒకటిన్నర. తెర మీద అక్షరాలు గీసే భాగం ఆ అరతో సహా గీస్తోంది. మౌసు ఏ లైను మీద పడిందో లెక్కకట్టే భాగం ఆ అరను కొట్టేసి ముప్పై ఒకటే అనుకుంటోంది. లైనుకు అర పిక్సెల్, అంటే తెర మీద అర చుక్క, తేడా. ముప్పై లైన్లు దాటేసరికి అది సగం లైనవుతుంది. అక్కణ్నుంచి టిక్కు కింది లైనుకు పోతుంది. ఇంకా కిందికి వెళితే రెండు, మూడు, నాలుగు. టిక్కు బొమ్మ గీసేది కూడా ఆ తప్పు లెక్కతోనే కాబట్టి అది చూసేవాళ్లకు పెట్టిన చోటే, కాస్త అటూ ఇటూగా కనిపిస్తుంది.

“సరి సంఖ్య సైజులకు అర రాదు,” అంది. “బేసి అయితేనే వస్తుంది. మేము మామూలుగా టెస్టు చేసే ఫైలు ముప్పై లైన్లే అంకుల్. తెర మీద ఒక్కసారే పడుతుందని అంతే పెట్టుకున్నాం. సైజు ఎవరూ మార్చరు. అందరికీ పద్నాలుగు కనిపిస్తుంది.”

అందరూ పాతికేళ్లవాళ్లే మరి. ఆ మాట ఆమె అనలేదు.

ఆ అర కొట్టేసిన మార్పు ఎప్పుడు జరిగిందో, ఎవరు చేశారో తెలిపే పాత పద్దు ఒకటి ఉంటుంది. జ్యోత్స్న దాన్ని తెరిచింది. రెండేళ్ల కిందటి తారీఖు, పక్కన ఒక పేరు. ఆమె పైకి చదవలేదు, వెంటనే మూసేసింది. ఆలోపే నరేందర్ ఆమె భుజం మీదుగా చదువుకున్నాడు. మేనేజరు కాకముందు అతను కూడా ‘గీటు’ రాసినవాడే.

“సరే, బగ్గు, సాఫ్ట్‌వేర్ తప్పే,” అన్నాడు. “సాయంత్రంకల్ల సరిజెయ్యి జ్యోత్స్నా. పట్టాభిరామయ్య సార్, మీకు ఆరో అధ్యాయం రేపు మల్ల పంపిస్తం. సారీ సార్.” తర్వాత ఎల్లేశం వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, ఇబ్బంది ఉంది. ఎవరి ముందు తల దించుకోవలసి వచ్చిందో వాళ్లను ఎదురుగా ఉంచుకోవడం ఎవరికైనా కష్టమే. “అన్నా, లైన్ల సంగతి నీది తప్పు లేదు. ఒప్పుకుంట. ఫారం సంగతి వేరే. అందరి ముందల చెప్పినవ్. నేను విననట్టు ఎట్లుంటా? రేపు పైనోళ్లు నన్ను అడుగుతరు. కాగితం మీద సంతకం నేను పెట్టలేను.”

“గట్లనే సార్.”

“కార్డు ఇచ్చిపో. ఏజెన్సీతోటి నేను మంచిగనే మాట్లాడత.”

ఎల్లేశం మెడలోంచి కార్డు తీశాడు. తాడు చెవికి తట్టుకుంటే విడిపించుకున్నాడు. నరేందర్ చెయ్యి చాచాడు. చుట్టూ ఉన్న పిల్లలు తెరల వైపు తిరిగిపోయారు, ఇలాంటప్పుడు చూడకపోవడమే మర్యాద అని ఎవరో నేర్పినట్టు.

“కాస్త ఆగండి,” అన్నాడు పట్టాభిరామయ్య.

ఆయన ఇందాకటి నుంచీ ఎల్లేశం బల్ల అంచు పట్టుకుని నిలబడే ఉన్నాడు. “అమ్మాయ్, ఇది ఈ ఆఫీసు కంప్యూటర్లలోనేనా? ఇంట్లోంచి చేసినా ఇంతేనా?”

“ఎక్కడి నుంచి తెరిచినా ఒకటే ‘గీటు’ అండి,” అంది జ్యోత్స్న. “సైజు బేసి అయితే ఇంతే.”

“మా ఇంట్లో ‘గీటు’లో నేను పెట్టుకునే సైజు ఇరవై తొమ్మిదండి.”

ఎవరికీ వెంటనే అందలేదు. అందరికంటే ముందు ఎల్లేశానికి అందింది.

“మొదటి సంపుటం మీరే దిద్దితిరి గదా సార్?”

“అయిదు అధ్యాయాలూ. ఈ ఏడాది మందుల మోతాదులు మారాయండి. పాత మోతాదు లైను కింద కొత్తది టైపు చేయించి, పాతదాని పక్కన నేనే టిక్కు పెట్టాను. ఒక్కొక్కటీ పెట్టాను.” ఆయన కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపితే ఎల్లేశం జరిపి ఇచ్చాడు. “పాతదాని పక్కనే కనిపించిందండి టిక్కు.”

“పంపినంక మల్ల చదివిన్రా?”

“చదవలేదు. నేను దిద్దింది నేనే అనుమానించుకుంటానా?”

జ్యోత్స్న అప్పటికే మొదటి అధ్యాయం తెరిచి అక్షరాలు పెద్దవి చేసింది. చిన్నపిల్లల జ్వరాలు. తొమ్మిది వందల లైన్లకు పైన ఉంది. ఆమెకు మందుల పేర్లు తెలియవు, పాతదేదో కొత్తదేదో తెలియదు. ఎల్లేశం ఆమె పక్కన వంగి, పట్టాభిరామయ్య చేతిలోని పాత పుస్తకం తీసుకుని చేతికందినంత దూరం పట్టుకుని, అందులోది ఒకటి, తెర మీద ఒకటి చదవడం మొదలుపెట్టాడు. చదివిన ప్రతిసారీ పాతది అలాగే ఉంది. మొదట్లో దాని కింది కొత్తది పోయింది, దిగేకొద్దీ ఇంకేదో లైను పోయింది. నరేందర్ చాచిన చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకున్నాడో ఎవరూ చూడలేదు.

పట్టాభిరామయ్య ఫోను తీసి, మొదటి సంపుటం అచ్చుకిచ్చిన ప్రెస్సుకు కలపబోయాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. జ్యోత్స్న అందుకుని కలిపి, అందరికీ వినిపించేలా పెట్టింది. ప్రెస్సు మేనేజరు పుల్లయ్య ఎత్తాడు. వెనక మిషన్ల మోత.

“మొదటి సంపుటమా సార్? మీరు శుక్రవారంకల్ల కావాలంటిరి గదా, రెండు రోజుల ముందే కొట్టించిన. పొద్దుగాల ఆరింటికే మూడు బండ్లు కదిలినయి. ఒకటైతే ఇప్పటికే దించేసి పంచుడు గూడ షురూ చేసుంటరు.”

ఎల్లేశం పుస్తకంలోంచి తల ఎత్తాడు.

“ఈ ఒక్క అధ్యాయంలనే ఇప్పటిదాక పందొమ్మిది ఉన్నయి సార్,” అన్నాడు. “ఇంక సగం గూడ సూడలే.”

“హలో?” అంది ఫోను. “సార్? ఉన్నరా? ఏమన్న తేడా వచ్చిందా సార్?”